లారీలు రాని దారి

మా ఇంటి వసారాలో గోడకు ఆనించి ఒక పాత సైకిలు ఉండేది. అది మా నాయనగారిది. చక్రాలలో గాలి లేదు, చైను తుప్పుపట్టి బిగుసుకుపోయింది, వెనుక క్యారియరుకు ఆయన ప్రత్యేకంగా చేయించుకున్న రెండు ఇనుప కొక్కేలు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంటికి సున్నం వేసేటప్పుడు దానిని పక్కకు జరిపేవాళ్ళం, పని కాగానే తిరిగి అదే చోట నిలబెట్టేవాళ్ళం. పాత ఇనుము కొనేవాడు వీధిలో కేక వేసినప్పుడల్లా నా భార్య నా ముఖం వంక చూసేది. నేను మాట్లాడేవాణ్ణి కాదు. సైకిలు అక్కడే ఉండిపోయేది.

గత సంవత్సరం డిసెంబరులో ఒక రాత్రి భోజనాల దగ్గర, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగింది: "నాయనా, సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళ ఊరికి సైకిళ్ళ మీద వెళ్దామా?"

మేముండేది నరసరావుపేటలో. అమ్మమ్మ వాళ్ళ ఊరు కారంపూడి. మధ్య దూరం యాభై కిలోమీటర్ల పైమాటే. నా భార్య చేతిలోని గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. "ఈ ఇంట్లో సైకిలు మాట..." అని మొదలుపెట్టి, నా వైపు చూసి ఊరుకున్నది. అమ్మాయికి కారణం తెలియదు. దాని ముందు ఆ విషయం మేమెన్నడూ మాట్లాడుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాకు సంభవించినటువంటిది మరెన్నో కుటుంబాలలో జరిగి ఉంటుంది. కనుక జరిగింది జరిగినట్లుగా పాఠకులతో పంచుకుంటున్నాను.

మా కులవృత్తి దూదేకడం. పరుపులలో, దిండ్లలో ఏళ్ళ తరబడి నలిగి గడ్డకట్టిన దూదిని బయటికి తీసి, ఏకి, మళ్ళీ మెత్తగా చేసి కుట్టి ఇచ్చే పని. దూదేకే విల్లు మనిషంత పొడవుంటుంది. నాయనగారు దానిని క్యారియరు కొక్కేలకు కట్టి, తాడును మీటే కర్రను హ్యాండిలుకు తగిలించి, ఫజ్ర్ నమాజు చేసుకున్న వెంటనే బయలుదేరేవారు. పల్నాడు పత్తి పండే నేల. దూదికి కొదవ లేదు, దూదితో పనికీ కొదవ ఉండేది కాదు. ఒక్కో విడత మూడు నాలుగు రోజులు తిరిగి, నరసరావుపేట నుంచి కారంపూడి వరకు, ఒక్కోసారి గురజాల వరకు పోయి వచ్చేవారు.

ఊళ్ళోకి అడుగుపెట్టాక ఆయన కేక వేసేవారు కాదు. రచ్చబండ దగ్గర సైకిలు ఆపి విల్లు తాడును ఒక్కసారి మీటేవారు. ఆ ధ్వని రెండు మూడు వీధుల దాకా వినిపించేది. లోపలి ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళు "దూదేకుల సాయిబు వచ్చాడు" అనుకొని పరుపులు బయట వేసేవారు. సెలవుల్లో నన్నూ వెంట తీసుకుపోయేవారు. ముందు కడ్డీ మీద తుండుగుడ్డ చుట్టి నన్ను కూర్చోబెట్టుకొనేవారు. ఒకసారి నేను, "నాయనా, పెద్ద రోడ్డు నున్నగా ఉంటుంది కదా, మనం ఎప్పుడూ ఈ రాళ్ళ బాటలోనే ఎందుకు పోతాం?" అని అడిగాను. ఆయన నవ్వి, "లారీ పోయే చోట నా తాడు ఎవరికి వినిపిస్తుందిరా?" అన్నారు.

దారి ఎంచుకోవడంలో ఆయనకు కొన్ని లెక్కలు ఉండేవి. ఎత్తుగా ఉన్న మిట్ట దారులను ఒంట్లో శక్తి ఉన్న ఉదయం పూట తొక్కాలి, పల్లం దారులను సాయంత్రానికి మిగుల్చుకోవాలి. ఎండ ముదిరేసరికి నీడ ఉన్న చోటికి చేరాలి. జుహర్ వేళకు వజూ చేసుకోవడానికి నీళ్ళు దొరకాలి. చీకటి పడేలోగా తెలిసినవారి వసారా ఉండాలి. ఈ లెక్కలన్నీ కుదిరే దారులు ఆయన తలలోనే ఉండేవి. జంట చింతల మలుపు, దిగుడుబావి, గొర్రెలు నీళ్ళు తాగే రేవు, ఇవే ఆయన మైలురాళ్ళు. కాగితం మీద ఒక్క గీత కూడా ఆయన గీసి పెట్టుకోలేదు.

1998లో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పరీక్ష ఫీజు కట్టడానికి చివరి రోజు దగ్గరపడింది. నేను ఆ సంగతి ముందుగా చెప్పలేదు. నాయనగారు నకరికల్లు అవతల పల్లెల్లో పనిలో ఉన్నారు. అటు పోతున్న ఒక మనిషి చేత, "సాయంత్రం లోపల డబ్బులు తీసుకొని రావాలి, లేకపోతే ఏడాది పోతుంది" అని కబురు పంపాను. ఆయన చేస్తున్న పని మధ్యలో వదిలి బయలుదేరారు. త్వరగా చేరాలని, ఎన్నడూ ఎక్కని పెద్ద రోడ్డు ఆ రోజు ఎక్కారు. వెనుక నుంచి వచ్చిన లారీ ఒకటి క్యారియరుకు కట్టిన విల్లును తగిలి, సైకిలును పక్కకు ఈడ్చివేసింది.

అల్లాహ్ దయవల్ల ప్రాణం నిలిచింది. కానీ కుడి కాలు మళ్ళీ సరిగా మడత పడలేదు. విల్లు విరిగిపోయింది. ఆయన మరి సైకిలెక్కలేదు. ఇంటి ముందు కూర్చొని చిన్న చిన్న దిండ్లు కుట్టుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపి, 2007లో వెళ్ళిపోయారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. నా పరీక్ష ఫీజు ఒక బంధువు కట్టాడు. నేను ఉపాధ్యాయుణ్ణి అయ్యాను. మోటారు సైకిలు కొనుక్కున్నాను. నా కబురు వల్లనే ఆయన ఆ రోడ్డు ఎక్కారన్న సంగతి ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చివరి రోజులలో మాత్రం రెండు మూడుసార్లు, "కాలువ పక్క ఊళ్ళో ఒక పని మిగిలిపోయిందిరా" అన్నారు. పెద్దతనంలో ఏవేవో గుర్తుకు వస్తుంటాయిలే అనుకొని, ఏ ఊరు, ఏ పని అని నేను అడగలేదు. అప్పుడు అడగనందుకు ఎంత బాధపడ్డానో ముందు చెబుతాను.

మా అమ్మాయికి ఈ ఆలోచన పుట్టించినవాడు దాని మేనమామ. నా బావమరిది ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఊరిని ఆనుకొని పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతం ఉన్నది. సెలవు దినాలలో అతను అక్కడ సైకిలు తొక్కుతూ మేనకోడలికి ఫోటోలు పంపిస్తుంటాడు. ఒక ఫోటో చూసి నేను నిజంగానే పొరబడ్డాను. రెండు వైపులా సున్నపురాయి పేర్చిన గోడలు, మధ్య సన్నని బాట, దూరంగా గొర్రెలు. ఇది మన దాచేపల్లి వైపు ఎక్కడిదో అనుకున్నాను. పచ్చికను చూశాక కాదని తెలిసింది. అక్కడి నేల కూడా మన పల్నాడు లాగానే సున్నపురాయి నేల. పిడుగురాళ్ళలో మనకు సున్నపు బట్టీలు ఉన్నట్లే అక్కడ మిల్లర్స్ డేల్ అనే చోట పాత సున్నపు బట్టీలు ఉన్నాయి. మంట ఆరిపోయి ఎంతో కాలమైంది, కట్టడాలు మాత్రం నిలిచి ఉన్నాయి. వాటి పక్కగా పూర్వం రైలు మార్గం నడిచేది. 1968లో ఆ రైలును ఆపివేశారు. తరువాత పట్టాలు లేని ఆ మార్గాన్ని నడిచేవారికి, సైకిళ్ళవారికి బాటగా మార్చారు. మూతపడిన సొరంగాలను 2011లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు పిల్లలు, ముసలివారు ఒక్క మోటారు వాహనం ఎదురుకాకుండా ఆ కొండల నడుమ పదమూడు కిలోమీటర్లకు పైగా సైకిలు తొక్కుకుంటూ పోవచ్చు.

ఆ దేశంలో సైకిలు యాత్రికుల సంఘం ఒకటి 1878లోనే ఏర్పడిందట. 1995 నుంచి దేశమంతటా రద్దీ లేని పల్లె దారులను, పాత రైలు బాటలను కలుపుతూ ఒక సైకిలు దారుల వల అల్లుకుంటూ వచ్చారు. ఒక్కో దారికి ఒక్కో సంఖ్య, మలుపు మలుపునా నీలి రంగు పలక. కొత్తవాడు కూడా ఎవరినీ అడగకుండా పోవచ్చు. ఇదంతా చెప్పి మా బావమరిది ఫోనులో అడిగాడు: "బావా, మామయ్యగారు జీవితమంతా తిరిగిన దారులు ఇలాంటివే కదా! వాటిని ఎవరైనా రాసిపెట్టారా?"

ఎవరూ రాయలేదు. రాయవలసినవాణ్ణి నేనే. అక్షరం ముక్క రాని తండ్రి చదివించిన కొడుకును నేను.

ఆ మాట మనసులో పడ్డాక కుదురుగా ఉండలేకపోయాను. అసర్ నమాజు తరువాత మసీదు అరుగు మీద కూర్చునే పెద్దవారిని అడగటం మొదలుపెట్టాను. నాయనగారి కాలంలో ఊళ్ళు తిరిగినవారు ఇంకా కొందరు ఉన్నారు. ఒకరు గొర్రెల బేరగాడు, ఒకరు స్టీలు సామాన్లు అమ్మినవారు, ఒకరు గాజుల మలారం భుజాన మోసినవారు. దారి అడిగితే వారి ముఖాలు వెలిగిపోయాయి. ఒకరు పుల్లతో నేల మీద గీతలు గీశారు. మరొకరు ఆ గీతను చెరిపి, "అక్కడ వాగు అడ్డం వస్తుంది, అలా కాదు" అని వేరే గీత గీశారు. మా అమ్మాయి నోటుపుస్తకంలో అన్నీ రాసుకున్నది. ఆ సాయంత్రాలలోనే దానికి తాతగారి సంగతి అంతా చెప్పాను, కబురు పంపింది నేనేనన్న విషయంతో సహా. అది చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అయితే మనం పెద్ద రోడ్డు ఎక్కకుండానే పోదాం నాయనా" అన్నది.

నా భార్యను ఒప్పించడం అంత తేలిక కాలేదు. ఆమె భయం అర్థం లేనిది కాదు. మా ఊరికి పడమరగా పోయే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు ఆ తరువాతి కాలంలో నాలుగు వరుసలుగా వెడల్పయింది. ఆనాటి లారీల కంటే ఈనాటి లారీల వేగం ఎక్కువ. చివరకు ఆమె మూడు షరతులు పెట్టింది. ముందుగా నేను ఒంటరిగా ఆ దారంతా ఒకసారి చూసి రావాలి. పెద్ద రోడ్డును దాటవలసిన చోట సైకిలు దిగి నడిచి దాటాలి. ప్రతి ఊరి నుంచీ ఫోను చేయాలి. మూడింటికీ ఒప్పుకున్నాను. ఈ షరతులు మా నాయనగారి లెక్కలకు ఏమీ తీసిపోవు.

సైకిలును దుకాణానికి తీసుకుపోయి ఓవరాయిలింగు చేయించాను. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు కట్టెలు కొత్తవి వేయించాను. కొక్కేలు తీసివేయమంటారా అని మెకానిక్కు అడిగితే వద్దన్నాను. మొదటగా ఇద్దరం కోటప్పకొండ వైపు పోయి వచ్చాం. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయని ఆ కొండకు పేరు. శివరాత్రి తిరునాళ్ళకు ప్రభలతో, జనంతో కిటకిటలాడే ఆ దారి మామూలు రోజున తెల్లవారుజామున ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నేను అంతవరకు ఎరుగను. పోయేటప్పుడు అమ్మాయి ముందు, నేను వెనుక. చిన్న మిట్ట రాగానే నాకు ఊపిరి అందలేదు. దిగి నడిచాను. నన్ను ముందు కూర్చోబెట్టుకొని, వెనుక విల్లు కట్టుకొని, ఇలాంటి మిట్టలు రోజుకు ఎన్నెన్ని ఎక్కి ఉంటారో ఆయన అని అప్పుడు అనిపించింది.

జనవరిలో ఒక ఉదయం, ఫజ్ర్ తరువాత, మంచు ఇంకా వీడకముందే బయలుదేరాం. ఊరు దాటి పల్లె దారి పట్టేసరికి తూర్పు ఎర్రబడింది. మిరప కోతల కాలం. కల్లాలలో ఆరబోసిన కాయలు దారి పక్కన ఎర్ర దుప్పట్లు పరచినట్లున్నాయి. ఆ ఘాటుకు అమ్మాయి తుమ్ముతూ నవ్వుతూ తొక్కింది. పత్తి చేలలో చివరి విడత ఏరుతున్నారు. ఒక గంటసేపట్లో మాకు ఎదురైనవి రెండు ఎడ్లబండ్లు, ఒక పాల మోటారు సైకిలు, లెక్కలేనన్ని గొర్రెలు. పక్షుల అరుపులు, చైను చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. పక్కపక్కన తొక్కుతూ మేము మాట్లాడుకోగలిగాం. ఇంట్లో ఒక నెలలో మాట్లాడుకోని మాటలు ఆ ఉదయం మాట్లాడుకున్నాం. స్నేహితురాలితో దానికి వచ్చిన పొరపొచ్చం, లెక్కల పరీక్ష అంటే దానికున్న భయం, అన్నీ ఆ రోజే నాకు తెలిశాయి.

నకరికల్లు అడ్డరోడ్డు దగ్గరకు వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. షరతు ప్రకారం ఇద్దరం సైకిళ్ళు దిగి నిలబడ్డాం. లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. ఖాళీ వచ్చినా నేను కదలలేదు. రెండోసారి ఖాళీ వచ్చింది, అప్పుడూ కదలలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరకు అమ్మాయి తన సైకిలును ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో నా హ్యాండిలు పట్టుకొని, "ఇప్పుడు రా నాయనా" అన్నది. దాటాం. అవతల ఒక వేపచెట్టు కింద కూర్చొని నీళ్ళు తాగి, ఇంటికి ఫోను చేశాను. దాటామని మాత్రమే చెప్పాను. నా భార్య "అల్‌హందులిల్లాహ్" అని, మరొక్క మాట లేకుండా ఫోను పెట్టేసింది.

ఆ తరువాత నాగార్జునసాగర్ కుడి కాలువ తగిలింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. మొత్తం 203 కిలోమీటర్ల పొడవున్న ఈ కుడి కాలువ నకరికల్లు దగ్గరకు చేరేసరికి ఆనకట్ట నుంచి 80 కిలోమీటర్లు ప్రయాణించి ఉంటుంది. మెట్ట పల్నాటిలో మిరప, పత్తి ఇంతగా పండటానికి ఆ నీరే ఆధారం. గట్టు మీది మట్టి బాట చదునుగా ఉన్నది. అయితే పిల్లలను తీసుకుపోయేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాలువ లోతైనది, ఒడ్డు జారుడు. నీటికి దూరంగా, గట్టుకు బయటి అంచున మాత్రమే తొక్కాలి. గాలి ఎదురుగా వీచినప్పుడు దిగి నడవాలి. నాయనగారు గట్టు మీద నన్ను ఎప్పుడూ కడ్డీ మీద కూర్చోనిచ్చేవారు కాదు, నడిపించేవారు.

కాలువ పక్కన ఒక పల్లెలో ఎండకు ఆగాం. ఒక ఇంటి అరుగు మీద డెబ్బై అయిదేళ్ళు దాటిన ఒక పెద్దావిడ కందిపప్పు చెరుగుతున్నది. నీళ్ళు అడిగితే లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె చూపు నా సైకిలు క్యారియరు మీద ఆగింది.

"ఆ కొక్కేలు దేనికయ్యా?" అని అడిగింది.

"మా నాయన దూదేకే విల్లు కట్టుకునేవాడమ్మా."

ఆమె చేట పక్కన పెట్టింది. "పేట సాయిబా? కాలు విరిగిందన్నారే, ఆయనేనా? నువ్వు ఆయన కొడుకువా? ఫీజు కట్టాలని కబురు పెట్టింది నువ్వేనా?"

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏడేళ్ళ కిందటి ఆ రోజున నాయనగారు దూదేకుతూ ఉన్నది ఆ అరుగు మీదనే. ఆమె కూతురి పెళ్ళికి పరుపు. సగం దూది ఏకి, గలీబు గుడ్డ కోసం ఆమె దగ్గర యాభై రూపాయలు బయానా తీసుకొని, కబురు రాగానే, "అమ్మా, మావాడు పరీక్ష రాయాలి, రేపు పొద్దున్నే వచ్చి పూర్తి చేస్తాను" అని చెప్పి బయలుదేరారట. "ఆ మాట ఎంత సంతోషంగా చెప్పాడనుకున్నావు! పెద్ద చదువు చదువుతున్నాడని ఊరంతటికీ చెప్పిపోయాడు" అన్నది ఆమె. మిగిలిన దూదిని తరువాత మరొకరి చేత ఏకించి పరుపు కుట్టించుకున్నారట.

కాలువ పక్క ఊళ్ళో ఒక పని మిగిలిపోయింది అని ఆయన ఎందుకు అన్నారో నాకు అప్పుడు తెలిసింది. అది పని మాత్రమే కాదు, బాకీ. చనిపోయిన తండ్రి బాకీ తీర్చడం కొడుకు మీద ఎంతటి బాధ్యతో మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన నాకు చెప్పబోయారు, నేను అడగలేదు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి నమాజులో ఆయన కోసం దుఆ చేస్తున్నాను. ఇంటికి ముప్ఫై కిలోమీటర్లు కూడా లేని ఈ అరుగు మీద ఆయన బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది.

జేబులో నుంచి డబ్బు తీశాను. ఇన్నేళ్ళ తరువాత ఎంత ఇవ్వాలో తెలియక, ఉన్నంతా ఆమె ముందు పెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ రోజే వదిలేశానయ్యా. ఆసుపత్రిలో పడి ఉన్న మనిషి దగ్గర ఏం అడుగుతాను?" అన్నది. నేను మళ్ళీ బతిమాలాను. ఆమె నా ముఖం కాసేపు చూసి, నోట్లలో నుంచి ఒకే ఒక యాభై రూపాయల నోటు తీసుకొని కొంగున ముడి వేసుకున్నది. "తీసుకోకపోతే నీ మనసు ఊరుకునేట్టు లేదు. ఇక మీ నాయనకూ నాకూ చెల్లు" అన్నది. మిగతా డబ్బు అమ్మాయి చేతిలో పెట్టి, "దీన్ని బాగా చదివించు, తొందరపెట్టి రోడ్డు మాత్రం ఎక్కించకు" అన్నది.

ఆ అరుగు ముందు నుంచి మోటారు సైకిలు మీద పోయి ఉంటే ఆమె నన్ను చూసి ఉండేది కాదు. చూసినా ఆపగలిగేది కాదు. కారంపూడికి నేను పెద్ద రోడ్డు మీదుగా ఈ ఇరవై ఏళ్ళలో ఎన్నిసార్లు పోయి వచ్చానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఎవరూ నన్ను మీ నాయన పేరేమిటని అడగలేదు.

మధ్యాహ్నం దాటాక కారంపూడి చేరాం. ఊరి పక్కన నాగులేరు సన్నగా పారుతున్నది. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాలు ఆ ఏటి ఒడ్డునే తలపడ్డాయి. అన్నదమ్ముల మధ్య పోరు ఒక నేలను ఎంత రక్తంతో తడిపిందో పల్నాడులో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు కథ కూడా ఈ గడ్డదే. ఆ పొద్దు ఒక పెద్దావిడ చేతి మజ్జిగ తాగి వచ్చిన నాకు ఆ రెండో కథే ఎక్కువగా గుర్తుకు వచ్చింది. గుమ్మంలో అత్తయ్యగారు ఎదురు వచ్చారు. నా భార్య మాకంటే ముందే బస్సులో వచ్చి, అక్కడే కూర్చొని ఉన్నది.

ఆ తరువాత మరికొన్ని దారులు చూశాం. కారంపూడి నుంచి దుర్గి మీదుగా మాచర్ల దారి మిట్టపల్లాలతో సాగుతుంది. దుర్గి శిల్పులు రాతిని చెక్కే చప్పుడు వినడానికే అక్కడ ఒక గంట ఆగాం. ఆ పక్కనే మించాలపాడు. అడవిలో పశువులను మేపుకోవడానికి ప్రభుత్వం వేసిన పుల్లరి పన్నును ఎదిరించి 1922లో ప్రాణం ఇచ్చిన కన్నెగంటి హనుమంతు ఊరు. పాఠ్యపుస్తకంలో చదివిన ఊరు కళ్ళ ముందుకు రావడం అమ్మాయికి ఎంతో వింతగా తోచింది. మాచర్ల అవతల, సాగర్ కు 11 కిలోమీటర్ల దూరంలో చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల ఉన్నది. అక్కడికి చివరి కొంత దూరం కార్లు, బస్సులు ఎక్కువ కనుక మేము సైకిళ్ళను మాచర్లలో తెలిసినవారి ఇంట్లో ఉంచి బస్సెక్కాం. అన్ని దారులూ సైకిలుకు తగినవి కావు. తగనిదని తెలుసుకొని దిగడమూ దారి తెలియడమే.

ఎవరైనా ఇలా వెళ్ళదలిస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. రెంటచింతల ఎండల సంగతి వేసవిలో ప్రతి పత్రికలోనూ చదువుతూనే ఉంటాం. మార్చి దాటాక ఇటు సైకిలు ఎక్కకూడదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఒక పంపు, పంక్చరు సామాను, తలకు గుడ్డ ఉండాలి. మొదటి యాత్ర పది పన్నెండు కిలోమీటర్లకు మించకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, బయలుదేరే ముందు మీ ఊరి పెద్దవారి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. సైకిలు మీద, కాలినడకన ఊళ్ళు తిరిగి పిల్లలను పోషించిన తరం ఇంకా మన మధ్య ఉన్నది. వారి తలలలో ఉన్న దారులు వారితోనే పోతున్నాయి. వారు ఏదైనా మిగిలిపోయిందని అంటే, ఏ ఊళ్ళో అని అడగండి.

మా అమ్మాయి తన నోటుపుస్తకంలోని గీతలన్నిటినీ ఒక పెద్ద కాగితం మీద పటంగా గీసి, సైకిలు ఆనించే గోడకు అంటించింది. రద్దీ లేని దారులకు ఆకుపచ్చ రంగు, నీళ్ళు దొరికే చోట నీలి చుక్క, నమాజుకు ఆగే చోట చిన్న నెలవంక. నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర ఎర్ర సిరాతో "ఇక్కడ దిగి నడవాలి" అని రాసింది. కాలువ పక్క పల్లె దగ్గర మాత్రం ఏ గుర్తూ పెట్టలేదు. ఎందుకని అడిగితే, "అది మనకు తెలుసుగా నాయనా" అన్నది. వచ్చే సంక్రాంతికి వాళ్ళమ్మ కూడా తొక్కుతానంటున్నది. ప్రస్తుతం రోజూ సాయంత్రం మా వీధి చివరి వరకు పోయి వస్తున్నది.